అవ్వ కిడ్నీలో మేస్త్రీలు

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఈ మాట మొదట మా అత్త అన్నది, తర్వాత మా ఆయన ఒప్పుకున్నాడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పొద్దున్నే పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ప్రతి మనిషికీ ఇది అనుభవమే. ఏం చేయను? మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా నాన్న వేలిముద్ర మనిషి. నేను కాలేజీ నుంచి రాగానే మంచం మీద కూర్చోబెట్టుకుని "ఇయ్యాల ఏం జెప్పిండ్రు బిడ్డా?" అని అడిగేవాడు. తనకు చెప్పకపోతే ఆ రోజు చదువు చదువే కాదన్నట్టు చూసేవాడు. అప్పుడు పడ్డ అలవాటు ఉద్యోగం చేసినన్నాళ్లూ పోలేదు. రిటైరయ్యాక ఇంకా ముదిరింది.

ల్యాబ్ టెక్నీషియన్లుగా కొత్తగా చేరుతున్న పిల్లలూ, ఇది మీకోసమే. సూది ఎట్లా పట్టాలి, రక్తం గొట్టం మీద పేరు ఎప్పుడు రాయాలి, ఇవన్నీ చెప్పేవాళ్లు మీకు చాలామంది ఉన్నారు. నేను బొక్కల చారు, అంటే ఎముకల చారు, సంగతి చెబుతాను. అది ఏ సిలబస్‌లోనూ లేదు.

కరోనా సద్దుమణిగాక మా ఆసుపత్రి నన్ను హైదరాబాద్‌కు ఒక శిక్షణకు పంపింది. కిడ్నీ ముక్కను పొరలు పొరలుగా కోసి, రంగులు వేసి, మైక్రోస్కోప్ కింద ఎట్లా చూస్తారో అక్కడ చూపించారు. ఆ రంగుల్లో ఒక రకం వేస్తే మచ్చ కట్టిన చోటు నీలంగా కనబడుతుంది. మంచి కిడ్నీలో సన్నటి గొట్టాలు ఒకదానికొకటి ఆనుకుని ఒత్తుగా ఉంటాయి. జబ్బు కిడ్నీలో ఆ గొట్టాల మధ్య నీలం పాకి ఉంటుంది, అది పాకినచోటల్లా గొట్టాలు ముడుచుకుపోయి ఉంటాయి.

ఆ నీలాన్ని నేసేది ఎవరో తెలుసా? బయటి నుంచి వచ్చిన పురుగులు కావు. రక్తనాళాల పక్కన ఆసరాగా, ఎవరి జోలికీ పోకుండా బతికే సొంత కణాలే. కిడ్నీకి దెబ్బ మీద దెబ్బ తగులుతుంటే అవి తమ పాత పని వదిలేస్తాయి. రూపం మార్చుకుంటాయి. కండరంలాగా బిగుసుకుని, పీచు నేయడం మొదలుపెడతాయి. గాయం మానడానికి కొంత పీచు కావలసిందే, కానీ వీటికి ఎక్కడ ఆపాలో తెలియదు. గొట్టాల గోడల్లో ఉండే కణాలు కూడా సగం మారిపోయి, తమ పని సగం మరిచిపోయి, 'దెబ్బ తగిలింది, దెబ్బ తగిలింది' అని కబురు పంపుతూనే ఉంటాయి. కబురు వచ్చినంత కాలం నేత సాగుతుంది.

ఒక కణం తను ఎవరో మార్చేసుకుంటుంది! నాకు ఆ రోజు అన్నం సహించలేదంటే నమ్మండి. పాఠం చెప్పిన మేడమ్‌ను ఆపి అడిగాను, మళ్లీ వెనక్కి మారతాయా అని. ఆమె కొంచెం ఆలోచించి, "దెబ్బ తొందరగా ఆగితే కొన్ని శాంతిస్తాయి, కొన్ని చచ్చిపోతాయి, పీచు కొంత కరుగుతుంది. ఎలుకల్లో అది చూశారు. మనుషుల్లో ఎంతవరకు అనేది ఇంకా తేలాల్సి ఉంది" అంది.

మర్నాడు బస్సులో మొదటి శ్రోత కండక్టర్. అంతా విని, "అక్కా, నేను గూడ డ్రైవర్ నౌకరికని వచ్చి కండక్టర్ అయిన. గిండ్ల వింతేమున్నది? టికెట్ తీస్కో" అన్నాడు.

ఇంట్లో మా అత్త ఇంకా తేలిగ్గా తీసిపారేసింది. "మారుడు గొప్పనా? లగ్గమైనంక మా పిలగాడు మారలేదా?"

"మారిండు గని మల్ల వాపస్ మారుతడా లేడా, గదీ సంగతి అత్తా!"

"గది నీ చేతుల్నే ఉన్నది. నన్నడుగుతవేంది?"

ల్యాబ్‌లో మా ఇన్‌చార్జి సాబ్ ఉండేవారు. కామారెడ్డి మనిషి, తెల్ల గడ్డం, ఏనాడూ గొంతు పెంచని పెద్దమనిషి. నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత కళ్లు తెరిచి, "బహుత్ అచ్ఛా బేటా. షుగర్ శాంపిళ్లు మిషన్ల వెట్టినవా?" అన్నారు. పెట్టలేదు.

ఆ ఏడు వానాకాలానికి ముందే మా దగ్గరికి అవ్వ వచ్చింది.

అవ్వ అంటే కట్టె పట్టుకుని నడిచే ముసలామె అనుకోకండి. యాభై దాటిన గట్టి మనిషి. ఎల్లారెడ్డి పక్క పల్లె. నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. నిజాంసాగర్ కాలువ నీళ్లు వదిలారంటే తన గుంపును ఆటోలో ఎక్కించుకుని మహమ్మద్‌నగర్ దాకా పోయి నాట్లు వేసి వచ్చేది. రైతులు ఆమెను అడిగి నారు పోసేవాళ్లట. ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ ఆమె అవ్వే.

కాళ్లు వాచాయని వచ్చింది. రక్తం తీశాం. క్రియాటినిన్ ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువగా వచ్చింది. రక్తంలోని ఆ చెత్తను కిడ్నీలు బయటికి పంపాలి, అవి మందగించిన కొద్దీ అది పేరుకుంటుంది.

కిడ్నీల డాక్టరు మా ఆసుపత్రికి సోమవారం సోమవారం వచ్చేవారు. చిన్న వయసు, సముద్రం వైపు జిల్లాల మనిషి. మా భాష సగమే అర్థమయ్యేది. ఆయన అడిగారు: "నొప్పి బిళ్లలు ఏమైనా వాడుతున్నారా అమ్మా?"

అవ్వ కొంగుకున్న ముడి విప్పింది. అందులో రంగురంగుల గోలీలు. "దినాం రెండే సారూ. నాట్లప్పుడైతే లెక్కుండదు. నడుము వంగి లేవాలంటే గివ్వే గద. మా ఆరెంపీ ఇస్తడు. నా గుంపుల అందరికి నేనే పంచుత. పొద్దుగాల గట్టు మీద నిలవెట్టి తలా ఒకటి."

"అందరికీనా?" డాక్టరు మొహం చూడాలి.

"నేను ఒక్కదాన్నే తింటె బాగుంటదా?" అంది అవ్వ.

ఆమెను హైదరాబాద్ పంపి కిడ్నీ ముక్క తీయించారు. అక్కడి నుంచి ఒక గాజు పలకను డాక్టరు తనతో తెచ్చి మా మైక్రోస్కోప్ కింద పెట్టారు. నేను ఎగబడి చూశాను. అదే నీలం! గొట్టాల మధ్య అక్కడక్కడా పాకి, ఇంకా అన్ని చోట్లా పరుచుకోలేదు. "అబ్బ, ఎంత బాగుంది సార్!" అనేశాను. ఆ కిడ్నీ గల మనిషి నా వెనకే కూర్చుని ఉంది.

"మీరే జూస్తరా, నాకేమన్న చూపిస్తరా?" అంది అవ్వ. చూపించాను. ఒక కన్ను మూసి, నోరు తెరిచి చాలాసేపు చూసింది. "నాకు సర్కారిచ్చిన బతుకమ్మ చీర రంగు లెక్కున్నది. గిది నా లోపట్నే ఉన్నదా?"

డాక్టరు వివరించడం మొదలుపెట్టారు. దీర్ఘకాలిక, తంతువు, వడపోత. అవ్వ ఆయన వైపు మర్యాదగా తల ఊపుతూ, నా వైపు తిరిగి, "ఈ సారు ఏమంటుండమ్మా?" అని అడిగింది.

తలుపు దగ్గర ఆమె అల్లుడు నిలబడి ఉన్నాడు. తమ్ముడి కొడుకే అల్లుడయ్యాడు కాబట్టి ఆమె చేతిలో పెరిగినవాడే. ఎల్లారెడ్డి బస్టాండ్ దగ్గర మంచి దర్జీ అని నాకు తెలుసు, నా జాకెట్లు అతనే కుట్టేవాడు. కుట్టు పనికనే గల్ఫ్ పోతే అక్కడ కట్టడాల పనిలో దించారు. కొన్నేళ్లు చేసి తిరిగొచ్చాడు. నాకు చటుక్కున ఉపాయం తట్టింది.

"అవ్వా, నీ అల్లుడు దర్జీ గదా. గల్ఫ్‌ల ఏం జేసిండు?"

"మేస్త్రి పని."

"వచ్చినంక?"

అంతే, కట్ట తెగింది. "అయ్యో, ఏం జెప్పమంటవ్ బిడ్డా! మిషన్ మీద బట్ట గప్పిండు. తాపీ వట్టుకుండు. వాకిలికి సిమెంటు, బాయి కాడ సిమెంటు, కోళ్ల గూటికి సిమెంటు. పెరట్ల కాలు వెడితే మట్టి తగుల్తలేదు. మొన్న కరివేపాకు చెట్టు సుట్టు గద్దె గట్టిండు, నాలుగు రెబ్బలు తెంపుదామంటె నిచ్చెనెయ్యాలె!"

"బలం కోసమత్తా" అన్నాడు అల్లుడు.

"ఎవలికి బలం? చెట్టుకా?"

"ఇగ ఇను" అన్నాను. "నీ కిడ్నీల గూడ గట్లనే మంచిగ తన పని జేసుకునేటోళ్లు ఉంటరు. నీ గోలీలు దినాం దెబ్బ కొడుతుంటె వాళ్లు పని ఇడిశి మేస్త్రీలైండ్రు. ఇల్లు కూల్తదేమోనని యాడ సందు దొరికితె ఆడ గోడ కడుతుండ్రు. సారు చెప్పేది గదే. ఆ నీలం అంత వాళ్లు గట్టిన గోడలే."

అవ్వ అల్లుడి వైపు ఒకసారి, మైక్రోస్కోప్ వైపు ఒకసారి చూసింది. "అంటె వీనసుంటోళ్లు నా లోపట మస్తు మంది ఉన్నరా?" అంది. నిజంగా భయపడింది. తర్వాత అడిగింది: "ఆ మేస్త్రీలు మల్ల దర్జీలైతరా?"

నేను అనువదించి చెబితే డాక్టరు నవ్వలేదు. "ప్రపంచంలో పెద్దపెద్ద వాళ్లంతా తల పట్టుకుని అడుగుతున్న ప్రశ్న ఇదే" అన్నారు. గోలీలు పూర్తిగా మానాలి, ఉప్పు తగ్గించాలి, బీపీ మాత్ర తప్పొద్దు. ఈ నాట్ల కాలం అయ్యేదాకా చూద్దాం. అప్పటికి అంకె ఇంకా పెరిగితే చేతి నరానికి ఆపరేషన్ చేసి డయాలసిస్‌కు సిద్ధం కావాలి. వారంలో సగం రోజులు కామారెడ్డికి వచ్చి మిషన్ పక్కన పడుకోవాలి, బతికినంత కాలం.

"మరి నాట్లు?" అంది అవ్వ.

"డయాలసిస్ మొదలైతే నాట్లు ఇక కుదరవమ్మా."

ఆమె కొంగులోని గోలీలు నా చేతిలో పెట్టి, ఖాళీ కొంగుకే మళ్లీ ముడి వేసుకుంది. "నా గుంపు ఎవలెంబడి పోతది?" అని ఎవరినీ కాకుండా అడిగింది.

ఆ కాలమంతా అవ్వ గోలీ ముట్టలేదు. మధ్యమధ్య పరీక్షకు వచ్చినప్పుడల్లా కష్టాలు చెప్పేది. నడుముకు పాత చీర బిగించి కట్టుకునేదట. పొద్దున వేడినీళ్ల కాపడం పెట్టుకుని పోయేదట. అయినా అందరూ తమ వరుసలు ముగించి గట్టెక్కి సద్ది విప్పేసరికి ఆమె ఇంకా మడి మధ్యనే ఉండేది. ఏనాడూ వెనకబడని మనిషి. గుంపు ఆడవాళ్లు గట్టు మీద నుంచి, "అవ్వా, నారు నీ చేతుల్నే పంటకొస్తది, జెల్ది రా!" అని పిలిచి నవ్వేవాళ్లట.

"మీరు గూడ బంద్ జెయ్యిండ్రే" అంటే ఎవరూ వినలేదు. "నీకు నీలమొచ్చింది, మాకెందుకొస్తది?" అన్నారు. గుంపులో అందరికంటే చిన్నది, పోయినేడే ఊరికి కోడలిగా వచ్చిన పిల్ల, అందరికంటే ఎక్కువ మింగేది, అందరికంటే ముందు గట్టెక్కేది. ఆ పిల్ల, "నువ్వే గదనే నేర్పినవ్" అందట. ఈ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం అవ్వ గొంతు తగ్గేది.

అల్లుడి సంగతి కూడా చెప్పాలి. మా ల్యాబ్‌లో తనను కిడ్నీ జబ్బుతో పోల్చారని అతనికి పౌరుషం వచ్చింది. మిషన్ మీది బట్ట తీసి మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. నా జాకెట్ ఒకటి కుట్టి ఇచ్చాడు. కుట్టు సూటిగానే ఉంది, కానీ బట్ట గోడలాగా నిలబడింది, చేతులు పైకి లేవలేదు. బస్సులో పై కడ్డీ పట్టుకోలేక ఆ రోజంతా కండక్టర్ భుజం పట్టుకుని నిలబడ్డాను. వెనక్కి మారడమంటే మొత్తం మారడం కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

నాట్లు ముగిసే రోజుల్లో ఒక పరీక్షలో అవ్వ అంకె కొద్దిగా దిగింది. కొద్దిగా అంటే కొద్దిగానే. కానీ నేను ఆగుతానా? వరండాలోకి పరుగెత్తి, "అవ్వా! నీ మేస్త్రీలు వాపసొస్తుండ్రే!" అని కేకేశాను. వెనక నుంచి ఇన్‌చార్జి సాబ్, "పూరా నై బేటా, థోడా, థోడా!" అంటూనే ఉన్నారు. నా కేక విన్న అవ్వ, 'కొద్దిగానే' అన్న ఆయన మాట వినకుండానే ఎల్లారెడ్డి బస్సు ఎక్కేసింది.

అసలు పరీక్ష ఆ పై సోమవారం. ఆ రోజే డాక్టరు ఆపరేషన్ సంగతి తేల్చాలి. అవ్వ పొద్దున్నే వచ్చింది. కొత్త చీర, తలకు నూనె, మొహం వెలిగిపోతోంది. వెనకాల అల్లుడి చేతిలో పెద్ద స్టీలు టిఫిన్ డబ్బా. "మీకు దెచ్చిన, ల్యాబోళ్లందరు తినుండ్రి" అని బల్ల మీద పెట్టింది. నేను రక్తం తీశాను. మిషన్‌లో పెట్టాం.

అంకె మొదటి రోజు కంటే పైన వచ్చింది.

ఇన్‌చార్జి సాబ్ అదే శాంపిల్‌ను ఇంకోసారి పెట్టారు. మళ్లీ అదే. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నువ్వు జెప్పు బేటా" అన్నారు. ఇన్నేళ్లలో నా దగ్గర ఒక కబురు ఉండి కూడా చెప్పలేకపోవడం అదే మొదటిసారి. చివరికి కాగితం తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టాను.

ఆయన చూసి, కుర్చీలో వెనక్కి వాలి, అవ్వకు మెల్లగా చెప్పారు. ఈసారి కఠినమైన మాటలేవీ వాడలేదు. అవ్వకు అంతా అర్థమైంది. కాసేపు తన చేతులు చూసుకుంది.

"ఏ చేతికి జేస్తరు సారూ?"

"ఎడమ చేతికి. పని చేసే చెయ్యి ఖాళీగా ఉండాలని."

"నారు కట్ట వట్టేది ఎడమ చేత్తోనే బిడ్డా" అంది అవ్వ.

డాక్టరు పెన్ను పట్టుకుని ఆపరేషన్ కోసం రాయబోయి, రాయలేక అట్లాగే కూర్చున్నారు. అల్లుడు గోడకు ఆనుకున్నాడు. నేను ల్యాబ్‌లోకి పారిపోయాను.

అక్కడ ఇన్‌చార్జి సాబ్ డబ్బా విప్పి కూర్చున్నారు. ఆయనకు బాధ కలిగితే ఆకలి వేస్తుంది, అది మాకందరికీ తెలుసు. బగారన్నం, యాట మాంసం కూర. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. ఇంకో ముద్ద పెట్టుకున్నారు. డబ్బా చేత్తో పట్టుకుని నేరుగా డాక్టరు గదిలోకి నడిచారు. నేను వెనకే.

"అవ్వా, ఇండ్ల నమక్ ఏసుడు మర్శినవా?"

"మరుసుడేంది సాబ్? సారు ఉప్పు బంద్ జెయ్యమన్నడు గద. మొత్తం దావతుకే బంద్ జేసిన."

"వచ్చినోళ్లందరు తిట్టుకుంటనే తిన్నరు" అన్నాడు అల్లుడు, ఇంకా ఆ అవమానం మరిచిపోనట్టు. "మా పెదనాయన అయితె ఇంటికి పోయి ఉప్పు తెచ్చుకున్నడు."

"దావత్ ఏం ఖుషీల జేసినవ్?"

"మేస్త్రీలు వాపసొచ్చిండ్రని. గల్ఫ్ కెల్లి మనిషి మంచిగ ఇంటికొస్తె యాటను గోసి నలుగురిని పిల్వమా? ఈ అమ్మనే జెప్పె."

గదిలో ఉన్న అందరూ నా వైపు తిరిగారు. నేను పైకప్పు ఫ్యాను ఎట్లా తిరుగుతోందో చూశాను.

"ఎప్పుడు జేసినవ్?"

"నిన్ననే, ఐతారం. సోమారం సారొస్తడు గద, ముందుగాల్నే జేస్తె శుభమని."

ఇన్‌చార్జి సాబ్ డబ్బాను డాక్టరు బల్ల మీద, సరిగ్గా ఆపరేషన్ కాగితం మీద పెట్టారు. "నువ్వేం దిన్నవ్?"

"నేనా? నేను కూర ముట్టలే సాబ్. నాకు తెల్వదా? ఒట్టి బొక్కల చారు దాగిన. నడుముకు బలమని."

"ఎంత?"

"గింత. ఒక చెంబు."

"రెండు చెంబులత్తా" అన్నాడు అల్లుడు. "పొద్దుగాల బస్సెక్కే ముందల ఇంకో గిన్నె."

"చారుల ముక్కలు?" సాబ్ వదలలేదు.

"వాటంతటవే వచ్చినయి" అంది అవ్వ. "నేనేం పిల్వలే."

డాక్టరుకు సగం మాటలే తెలిసినా ఈసారి అంతా అర్థమైంది. రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. భుజాలు కదులుతుంటే తెలిసింది, నవ్వుతున్నారు. ఉడికిన మాంసంలోనూ, దాని చారులోనూ క్రియాటినిన్ ఉంటుంది. తిన్న తర్వాత కొన్ని గంటలపాటు రక్తంలో అంకె పైకి ఎగబాకుతుంది. కిడ్నీలు నెమ్మదించిన మనిషిలో ఇంకా ఎగబాకుతుంది. ఈ అంకెను నమ్మడానికి వీల్లేదు. మంచిగా ఉందనీ నమ్మకూడదు, చెడ్డగా ఉందనీ నమ్మకూడదు. పిల్లలూ, రక్తం తీసే ముందు రాత్రి ఏం తిన్నారని అడగడం మీ పని. ఏం తిన్నారని అడగడం చాలదు, ఏం తాగారని కూడా అడగండి.

"వచ్చే సోమవారం దాకా మాంసం, చేప, కోడి, చారు, ఏదీ వద్దు" అన్నారు డాక్టరు. "దావత్ అసలే వద్దు."

ఆ వారం మా ఇంట్లో కూడా ఎవరూ నన్ను భరించలేకపోయారు. నేను మాట్లాడలేదు కాబట్టి. మా అత్త భయపడి, "జరమొచ్చిందా?" అని నుదురు ముట్టుకుని చూసింది.

సోమవారం అవ్వ ఒట్టి పప్పు మొహంతో వచ్చింది. రక్తం తీశాను. మిషన్ తిరుగుతుంటే అల్లుడు, అవ్వ, సాబ్, నేను, నలుగురం దాని చుట్టూ చలిమంట కాచుకున్నట్టు నిలబడ్డాం. అంకె వచ్చింది. వరండాలో నేను కేక పెట్టిన రోజు కంటే ఇంకా కింద. మామూలు మనిషికి ఉండాల్సిన దానికంటే ఇంకా పైనే. ఈసారి కేక పెట్టలేదు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నడిచి పోయి డాక్టరుకు ఇచ్చాను.

"ఆపరేషన్ అవసరం లేదు" అన్నారు ఆయన.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, "అంటె మేస్త్రీలు వాపసొచ్చినట్టేనా?" అంది.

డాక్టరు నిజాయితీ గల మనిషి. "కొన్ని వచ్చి ఉండవచ్చు. లోపలి వాపు తగ్గి ఉండవచ్చు. అంకెను బట్టి అంతకు మించి చెప్పలేం. గట్టిపడిన నీలం చాలావరకు అట్లాగే ఉంటుంది. ఎంత కరిగిందో కచ్చితంగా తెలియాలంటే మళ్లీ సూదితో ముక్క తీసి చూడాలి."

"తీస్తరా?"

"అవసరం లేదు."

"మంచిది. నా కిడ్నీ ఏమన్న కొబ్బరి చిప్పనా, మాటిమాటికి ముక్క దీసుడు."

నాకు మాత్రం ఆ ముక్క చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది, కానీ పైకి అనలేదు. డాక్టరు ఇంకో మాట చెప్పారు. ఒకసారి మారి శాంతించిన కణం మళ్లీ దెబ్బ తగిలితే మునుపటి కంటే తొందరగా మారవచ్చు, అందుకని గోలీ ఇక జన్మలో వద్దని. అవ్వ తల ఊపింది. లేచి తలుపు దాకా పోయి ఆగింది.

"సారూ, నా లెక్క ఏండ్లకేండ్లు కాదు, మొన్నమొన్ననే గోలీలు మొదలువెట్టినోళ్లకు ఎట్ల?"

"వాళ్లని తీసుకురండి, చూద్దాం" అన్నారు డాక్టరు. ఏదో మర్యాదకు అన్నారు.

ఆ పై సోమవారం ఆసుపత్రి ముందు ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. అందులోంచి ఆడవాళ్లు దిగుతూనే ఉన్నారు. గుంపుకు గుంపు. అవ్వ ముందు నడిచి వచ్చి, మా ల్యాబ్ వరండాలో వాళ్లను మడి గట్టు మీద నిలబెట్టినట్టు వరుసగా నిలబెట్టింది. "వీళ్లందరికి గోలీలు నా చేత్తోనే ఇచ్చిన. ఎవలి లోపట ఏం మారిందో జూడుండ్రి. ఏయ్, నిన్న యాటగాని కోడిగాని తిన్నోళ్లు పక్కకు జరుగుండ్రి! చారు దాగినోళ్లు గూడ!"

ఒకామె నసుగుతూ పక్కకు జరిగింది. అందరూ ఆమెను దొంగను చూసినట్టు చూశారు. ఇన్‌చార్జి సాబ్ తన సర్వీసులో ఒక పూట అన్ని సూదులు వాడింది లేదన్నారు, కానీ ఆ రోజు ఆయన మొహంలో పెళ్లి పెద్ద కళ ఉంది.

దాదాపు అందరివీ బాగానే వచ్చాయి. ఒక్క రిపోర్టులో తేడా ఉంది. ఆ చిన్న కోడలు పిల్లది. అంకె గీత దాటింది, ఎక్కువ కాదు. డాక్టరు పిలిచి చెబుతుంటే ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నాకు గూడ నీలం వచ్చిందా?" అంది.

"వచ్చి ఉండదు. ఇది మొదలు. ఇప్పుడే ఆపేస్తే దాదాపు పూర్తిగా సర్దుకోవచ్చు" అన్నారు డాక్టరు.

అవ్వ ఆయన వైపు చూసింది. "నాకెందుకు గిట్ల జెప్పలే సారూ?"

"మీరు ఇంత ముందుగా రాలేదు కదమ్మా."

అవ్వ ఆ పిల్ల కొంగు పట్టి దగ్గరికి లాగి, ముడి విప్పి, గోలీలన్నీ ఏరి, మేం వాడేసిన సూదులు పడేసే ఎర్ర డబ్బాలో ఒక్కొక్కటిగా వేసింది.

"అవ్వా, రేపు కలుపుకు పోవాలె" అంది ఆ పిల్ల, ఏడుపు గొంతుతో. "నడుము లేవదు. అందరు నన్ను ఇడిశి ముందటికి పోతరు. నవ్వుతరు."

"నవ్వనియ్యి" అంది అవ్వ, ఖాళీ కొంగును తిరిగి ఆ పిల్ల భుజం మీద కప్పుతూ. "రేపటి సంది నా పక్క వరుస నీదే. ఎనుకవడుడు ఎట్లనో నాకు మంచిగ వచ్చింది. నీకు నేర్పుత."